అమ్మ ఆగుంబె దిగలేదు

ఉడుపి,
ఆదివారం.

రమణక్కకు,

నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది. బావ నడుం నొప్పి తగ్గిందా? పిల్లలు పేచీ పెట్టకుండా బడికి పోతున్నారా? పిడుగురాళ్లలో ఇంకా ఎండలేనా? ఇక్కడ వాన పట్టింది, ఉతికిన బట్ట ఆరి చస్తే ఒట్టు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పబోతే రెండుసార్లు మధ్యలోనే పెట్టేశావు. కాయితమైతే చివరిదాకా చదువుతావని రాస్తన్నా.

నేనీ ఉడుపి ఆస్పత్రిలో నర్సుగా చేరినప్పట్నుంచి ఊపిరాడని డ్యూటీలే గదా. ఇన్నాళ్లకు వారం సెలవు దొరికింది. వీపుకు ఒక సంచీ తగిలించుకొని, సముద్రం పక్క ఊళ్లు, కొండల మీద ఊళ్లు తక్కువ ఖర్చులో తిరిగొద్దామనుకున్నా. ఒక్కదాన్నే. సరిగ్గా అప్పుడే నువ్వు అమ్మను, వారం ఉండి రమ్మని, నా దగ్గరికి రైలెక్కించావు. నేను సంచీ సర్దుతుంటే చూసి, "నేనూ వస్తానే" అంది.

"నడవాలమ్మా. బస్సుల్లో నిలబడాలి. పదిమందితో ఒకే గదిలో పడుకోవాలి."

"సున్నం బట్టీలో రాళ్లు మోసినదాన్ని. నాకు చెప్తావేంది?"

గోకర్ణలో ఒక హాస్టల్లో దిగాం. ఒకదాని మీద ఒకటి మంచాలు, తిరగటానికొచ్చిన పిల్లలందరికీ కలిపి ఒకే వంటగది. అమ్మ సంచీలో గోంగూర పచ్చడి సీసా మూత ఊడి, నూనెంతా నా బట్టలకే పట్టింది. ఆమె చీరలకు చుక్క అంటలా. పై మంచం నుంచి తడిచీర వేలాడదీస్తే, కింద పడుకున్న విదేశీ పిల్ల అది తనకోసం కట్టిన తెర అనుకొని ఆమెకు దణ్ణం పెట్టింది. సముద్రం చూపిద్దామని పిలిస్తే కాసేపు నిలబడి, "చానా ఉప్పుగాలి" అని వెనక్కొచ్చి, వంటగదిలో కుర్రాళ్ల మీద పడింది. "ఒరేయ్, గిన్నె తోమేది అట్టాగేనా?" వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మళ్లీ తోమారు. నేను సిగ్గుతో బయటికి పోయి కూర్చున్నా.

అక్కణ్ణుంచి ఆగుంబె పోయాం. కొండ మీద చిన్న ఊరు, రోజంతా వాన, ఎదురు మనిషి కనపడనంత మంచు. బస్టాండు ఎదురుగా గిరిజమ్మ అని ఒకామె హోటలు నడుపుతుంది. మొదటి రోజు అక్కడే తిన్నాం. మర్నాడు పొద్దున లేస్తే పక్కమీద అమ్మ లేదు. గొడుగు గోడకే ఉంది. ఫోను కొడితే మోగలా, చూస్తే దిండు కిందే ఉంది, ఆపేసి.

అక్కా, అట్టాగే బయటికి పరుగెత్తా. ఆ వానలో ఊరంతా తిరిగా. అమ్మ భాష రాని చోట, కొండ అంచుల మీద, ఎక్కడ జారిపడిందో అనుకుంటా. నీకేం చెప్పాలా అని కూడా అనుకున్నా. చివరికి ఎవరన్నా చూశారేమో అడుగుదామని గిరిజమ్మ హోటలుకు పోతే, వెనక వంటింట్లో అమ్మ కొబ్బరి తురుముతా కూర్చుంది. కాలికి జలగ పట్టిందంట, ఉప్పు చల్లుకొని ఉంది.

"ఫోనెందుకు ఆపేశావమ్మా?"

"మోగకుండా ఉండటానికి."

కోపంతో నాకు ఏడుపొచ్చింది. ఆమె తురమటం ఆపలేదు. "ఈమె కోడలు పురిటికి పోయిందంట. వంటలో సాయానికి మనిషి లేదు. నెలరోజులుంటానని చెప్పా."

"ఏ భాషలో చెప్పావు?"

"నోటితో చెప్పా."

నువ్వనేవన్నీ నేనూ అన్నా. రమణక్క డ్యూటీకి పోతే పిల్లల్ని ఎవరు చూస్తారన్నా, బీపీ బిళ్లలు ఎవరిస్తారన్నా. అన్నీ విని, చేతులు కడుక్కొని, "ఆడ తెల్లారితే అమ్మా అది యాడుంది, ఇది యాడుంది అని పిలుపులే. ఈడ పిలిచినా నాకర్థం కాదు" అంది. గిరిజమ్మ ఏదో అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. మనింట్లో ఆమె అట్టా నవ్వటం నేను చూడలేదు.

ఇది నీ మీద నేరం మోపటానికి కాదక్కా. సెలవైపోయినాక నా రూములో ఓ రెండు నెలలుంచుకుంటే డ్యూటీ నుంచి వచ్చేసరికి వేడన్నం ఉంటుందని నేనూ లెక్కేసుకున్నా. ఇద్దరం ఒకటే.

నేను దిగొచ్చేశా. ఇంకా కోపం తగ్గలా. గిరిజమ్మ నంబరు తీసుకున్నా, రోజూ బిళ్ల వేసుకుందో లేదో ఆమె కూతురు నాకు మెసేజి పెడుతుంది. వచ్చే ఆదివారం నేనే వెళ్లి చూసొస్తా. నువ్వు కంగారుపడమాకు. పిల్లల్ని చూట్టానికి ఈ నెలకు ఒక మనిషిని మాట్లాడుకో. అమ్మవి రెండు నూలు చీరలు, కళ్లజోడు నాకు పార్శిల్ చెయ్యి. ఊరికే ఫోన్ చేసి రా రా అనమాకు.

బావకు, మీ అత్తగారికి నా నమస్కారాలు. పిల్లలిద్దరికీ ముద్దులు. నీకంటే చిన్నదాన్ని, నన్ను కసురుకున్నా సరే, దీవించు. అమ్మ మాటగా ఏమన్నా రాద్దామని బస్సెక్కుతూ అడిగా. అన్నం పొట్లం నా ఒళ్లో పెట్టి, పొయ్యి మీద నూనె కాగుతుందని, బస్సు కదిలేదాకా కూడా ఆగకుండా లోపలికి పోయింది.

నీ చెల్లెలు,
పద్మ