మీ అమ్మకు కొన్న పెట్టె

టెచిమాన్,
ఆదివారం, ఆరాధన ముగిశాక.

నా చిట్టితల్లి సేర్వాకు,

ప్రభువు కృప నీకూ, అల్లుడు కొనాన్‌కూ, నీ కడుపులో కదులుతున్న పసిప్రాణానికీ తోడుగా ఉండునుగాక. ఇక్కడ నేనూ, మీ అమ్మా, పెరట్లో కోళ్ళూ అందరం క్షేమం. అబిజాన్‌లో మీరు బాగున్నారని బస్సు డ్రైవర్ బోఫో ముందే చెప్పాడు గాని, నీ చేతిరాత చూశాకే మనసు నమ్మింది.

నా మోకాలి సంగతి అడిగావు. ప్రార్థనకైతే చక్కగా వంగుతుంది, మెట్లెక్కమంటే మొరాయిస్తుంది. దాని భక్తి దానిది. బస్టాండు ప్రసంగాలు తగ్గించు, గొంతు జాగ్రత్త అన్నావు. ఏ పాదిరిబడీ చూడని నన్ను ఊరంతా ఓసోఫో, అంటే పాదిరిగారూ, అంటున్నప్పుడు ఆ పిలుపుకైనా అరవాలి కదా. మొన్న కదలబోయే బస్సులో నిప్పుల గుండం గురించి గర్జిస్తుంటే, దుంపలమ్మే ఆవిడ ఒకతె లేచి, "ఓసోఫో, నీ నరకం కాసేపు ఆపు. నా బస్తా మీద ఎవడో కాళ్ళు చాపుకున్నాడు, ముందు వాణ్ణి పంపు అక్కడికి!" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పక్కింటి ఆగ్యేమాన్ ఎలా ఉన్నాడన్నావు. ఒంటరిగానే ఉన్నాడు. అప్పుడే పుట్టిన మనవడికి నీళ్ళు పోసి వస్తానని వెళ్ళిన అతని భార్య, ఆ మనవడు బడికి పోతున్నా ఇంకా రాలేదు. పొద్దు వాలితే మన గుమ్మంలో కూర్చుంటాడు. మీ అమ్మ ఫూఫూకి ఉడికిన దుంపలు దంచే చప్పుడు వింటాడు. చప్పుడు ఆగగానే లేచి వెళ్ళిపోతాడు.

ఇక నీ అసలు మాటకు వస్తాను. నీ పురిటికి వచ్చే అమ్మకు గళ్ళ సంచి వద్దు, సరిహద్దులో విసిరి పారేస్తారు, మంచి సూట్‌కేసు చూసి కొనమని రాశావు. దారికి జోలె కూడా వద్దని ప్రభువు శిష్యులతో చెప్పిన మాట మీద ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్న నాకా ఈ పని! అయినా బస్సుల టాపు చూస్తూ నెరిసిన తల నాది. ఈ దుమ్ముగాలి నెలల్లో తెల్లవారుజామున బస్సులు కదులుతుంటే మనుషులు కనబడరమ్మా. పైనున్న పెట్టెలే కనబడతాయి, మెల్లగా, మబ్బుల్లా తేలిపోతూ. ఒకసారి ఓ పెట్టె జిప్పు విచ్చుకుని, లోపలి రంగు గుడ్డలన్నీ ఎగిరి జీడితోట మీద వాలాయి. చెట్లన్నీ పండగ బట్టలు కట్టుకున్నట్టుంది. పెట్టె మనిషి ఏడుస్తుంటే నేను ఆ అందం చూస్తూ నిలబడిపోయాను. ప్రభువు క్షమించుగాక.

అల్హాజీ సులే దుకాణానికి వెళ్ళాను.

"ఓహో! మీ దేవుడు జోలె వద్దంటే నువ్వు సూట్‌కేసుకే వచ్చావా ఓసోఫో?"

"వేళాకోళం మాని పెట్టెలు దించవయ్యా."

జిప్పు మూసి, దాని పళ్ళ మధ్య బొటనవేలితో నొక్కాను. విచ్చుకున్నవి పక్కన పెట్టాను. చక్రాలు తిప్పి చెవి ఆనించాను. గరగరమన్నవి పోయాయి. పిడి పట్టి ఊపాను, మూలల కుట్టు లాగాను, పెట్టె మీద కూర్చున్నాను కూడా.

"పెళ్ళిచూపులా ఏంటి?" అన్నాడు.

"పెళ్ళికూతురినే ఇంత చూడలేదయ్యా నేను."

చివరికి రెండు నిలిచాయి. రెండూ నీలం, రెండూ గట్టివే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"అమ్మగారు ఎన్నాళ్ళుంటారు?"

"రెండు వారాలు" అన్నాను.

"పురిటికి వెళ్తూ రెండు వారాలా?"

చిన్నదే తెచ్చాను, మోయడం తేలికని.

ఆ రాత్రి కలలో మన ఎర్రమట్టి దారి నిండా సూట్‌కేసులు, మనిషన్నవాడు లేకుండా, వాటంతట అవే పడమటికి దొర్లిపోతున్నాయి. నేను నడిరోడ్డున నిలబడి ప్రసంగిస్తున్నాను. ఒక్కటీ వినలేదు. ఒక నీలం పెట్టె మాత్రం నా దగ్గర కాస్త నెమ్మదించింది. చెయ్యి చాచేలోగా అదీ కదిలిపోయింది.

మర్నాడు మీ అమ్మ సర్దడం మొదలుపెట్టింది. నిన్ను వీపున కట్టుకు తిరిగిన మెత్తటి గుడ్డలు, బిడ్డ ఒంటికి నల్లసబ్బు, పొగబెట్టిన చేపలు, నీ పథ్యం సూపుకు ఎండుకాయలు. పెట్టె నిండిపోయింది. తన బట్టలు తీసి మంచం మీద పెట్టేసింది.

"నావి ఇక్కడే ఉండనీలే. సేర్వా పాతవేవో చుట్టుకుంటాను. పసిగుడ్డు నా బట్టలు చూస్తుందా ఏంటి?" అంది. తర్వాత, "ఏమయ్యా, ఈ చిన్నది నువ్వే ఎంచావా, సులే అంటగట్టాడా?" అని అడిగింది.

"సులేనే" అన్నాను.

పెరట్లో కోడి కూసింది. కోడి కూయకముందే ప్రభువును ఎరగనని బొంకిన పేతురు గుర్తొచ్చాడు.

తల్లీ, నీ దగ్గర దాచను. సులే అంటగట్టలేదు, మోయడానికీ కాదు. నేనే కావాలని చిన్నది ఎంచాను. పెట్టె చిన్నదైతే ఉండటమూ కొద్ది రోజులే అనుకున్నాను. మన గుమ్మంలో కూర్చునే ఆగ్యేమాన్ నాకు రాత్రీ పగలూ కళ్ళలో మెదులుతున్నాడు. మంచం మీద ఆ బట్టలు చూసి నేను సంతోషించాలి నిజానికి, అవి ఇక్కడుంటే ఆమె వస్తుంది కదా. కానీ నీ పెళ్ళికి కట్టుకున్న ఊదా రంగు గుడ్డను ఆమె అరచేత్తో ఒకసారి నిమిరి పక్కన పెట్టింది. దారికి ఏమీ వద్దని ఊరందరికీ చెప్పినవాణ్ణి నేను. తనకంటూ ఒక్క గుడ్డ లేకుండా బయల్దేరబోయింది ఆమె. అది కూడా వాక్యం కోసం కాదు, నా పిరికితనం కోసం.

చిన్నది ఖాళీ చేసి తిరిగి పట్టుకెళ్ళాను.

"రెండు వారాలూ పెరిగాయా ఓసోఫో?"

"అబద్ధమాడాను అల్హాజీ. ఆమె తిరిగి రాదేమోనని."

అతను నవ్వడం ఆపి పెద్దదాన్ని తుడిచి ఇచ్చాడు. "మా మొదటి భార్య సంచీ లేకుండానే నన్ను వదిలి వెళ్ళిపోయిందయ్యా" అన్నాడు.

పెద్ద పెట్టె నెత్తిన పెట్టుకుని బజారు మధ్యలోంచి నడిచాను. జనం ఏమన్నారో రాయను. ఇంటికొచ్చి మీ అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. "తెలుసులే" అంది. ఊదా రంగు గుడ్డ మడిచి అన్నిటికన్నా అడుగున పెట్టింది. వస్తావా అని నేను అడగలేదు. వస్తానని ఆమె అనలేదు.

వచ్చే శుక్రవారం బస్సుకు పంపుతున్నాను. బిడ్డకు ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళు ఉంచుకో, నేను అడ్డు చెప్పను. కానీ ఏదో ఒక సాయంత్రం ఆమె చేతిలో పని ఆపి, ఉన్నట్టుండి, "మనూళ్ళో వాన పడుతోందేమో" అంటుంది. అప్పుడు ఇంకొక్క వారం ఉండమ్మా అనకు తల్లీ. లేచి వెళ్ళి టిక్కెట్టు కొను.

ఇట్లు,
నీ సుఖప్రసవం కోసం మొరపెట్టుకుంటున్న
మీ నాన్న.