దిమ్మె చుట్టూ సందు

బాపూ,

లింబాయత్ ఇంటి పెరట్లో నీ టెలిస్కోపుకు కాంక్రీటు దిమ్మె కట్టించాను. దిమ్మెకూ గచ్చుకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలించాను. మేస్త్రీ దాన్ని పూడ్చబోతే వద్దని వాదించాను, నేనే.

గోడ అవతల బాబాయి సాంచాలు, ఆ మరమగ్గాలు, ఆడుతుంటే గచ్చు ఎప్పటిలాగే అదురుతోంది. ఆ అదురు సందు దాటి దిమ్మెకు పాకలేదు; టెలిస్కోపులో శనిగ్రహపు వలయం కదల్లేదు.

నువ్వు చూసినప్పుడల్లా అది వణికేది. "చేతులు వణుకుతున్నయ్ అన్నా, జర తాగుడు బంద్ చెయ్" అని బాబాయి నవ్వేవాడు. నువ్వు తాగవని తెలిసీ నేనూ నవ్వాను. టెలిస్కోపును మంచం కిందికి తోసేశావు. పోయేదాకా మళ్లీ తీయలేదు.

ఈ సాయంత్రం బాబాయి వచ్చి చూశాడు. "ఎంత సాఫ్ కనబడుతుంది! అన్న ఉంటే ఖుష్ అయ్యేటోడు."

"బాపు చేతులు వణకలేదు బాబాయ్. అది నీ సాంచాల అదురు" అన్నాను.

"ఏ చేతులు బిడ్డా?" అన్నాడు. ఆయనకు నిజంగానే గుర్తులేదు.