మేల్ రెండు, ఫీమేల్ రెండు

ఆగస్టు 1999, ఆదివారం

బ్యాటరీ పిన్నులు కావాలంటే కోఠిలో కొట్టువాడు ఏమన్నాడు? "మీకు సమజ్ గాదు మేడమ్, సారును పంపుండ్రి."

సారు! రిమోట్‌తో నడిచే నా బొమ్మ ట్రక్కుకి పెద్ద బ్యాటరీ వేస్తే పాత కనెక్టర్ కరిగిపోయింది. దాని బదులు ఇంట్లో వాడే టూపిన్ ప్లగ్గు బిగించి, "ఎటు పెట్టినా ఒకటే" అంటూ తిరగేసి గుచ్చి ఫ్యూజు కాల్చేసింది మా ఇంటి సారే, మా ఆయనే. ఇంటి కరెంటుకి ఒకటేనేమో. బ్యాటరీకి ప్లస్ ప్లస్సే, మైనస్ మైనస్సే.

నేను కదల్లేదు. "మేల్ రెండు, ఫీమేల్ రెండు ఇవ్వండి" అన్నాను గట్టిగా. పక్కవాళ్ళు నవ్వారు. నవ్వనీ. గుచ్చే పిన్ను మేల్, అది దూరే గొట్టం ఫీమేల్.

ఇంటికొచ్చి నేనే సోల్డరింగ్ చేశాను. బ్యాటరీ ఎర్ర తీగకి ఫీమేల్, నల్లదానికి మేల్. ట్రక్కు వైపు సరిగ్గా దీనికి తిరగేసి: ఎర్రదానికి మేల్, నల్లదానికి ఫీమేల్. సాయంత్రం మణికొండ బండల మీదికి ట్రక్కు నిలువునా ఎక్కేసింది. ఆఫీసులు కట్టడానికి ఆ బండలు కూడా పేల్చేస్తారట. పేల్చేదాకా ఎక్కిస్తాను. తర్వాత సంగతి...

ఇందాక ఆయన బ్యాటరీ ఎర్ర తీగని ట్రక్కు నల్ల తీగకి గుచ్చబోయారు.

"దూరట్లేదేంటి సుధా?"

"దూరదండీ. మిమ్మల్ని దృష్టిలో పెట్టుకునే చేశాను."