నా పక్క ఇల్లు

శుక్రవారం, రాత్రి.

ఇయ్యాల కాలేజీల చప్రాసీలకు క్వార్టర్లు ఇచ్చిన్రు. అందరికంటె పాతోన్నని ముందుగాల నన్నే ఏరుకోమన్నరు. రెండు దిక్కుల మనుషులుంటరని బావికాడి మూడిండ్లల్ల నడిమిది పట్టిన. మిగిలినోళ్లందరు మైలు దూరం గేటు కాడి వరుసనే కావాలన్నరు.

"ఆడ నీళ్లు లేవు గదరా!" అని హుస్నాబాద్ మల్లయ్యను అడిగిన.

"నీళ్లు మోసుకుంట గని నీ పక్కన ఉండ మామా. మొన్న నా బీడీలల్ల మిరపపొడి పోసిందెవరు?" అన్నడు.

అందరు నవ్విన్రు. నేనే ఎక్కువ నవ్విన.

పొద్దుగూకినంక సామాను సర్దుకొని, అలవాటు కొద్ది పక్కింటి గోడను దబదబ బాదిన. తిట్ల కోసం చెవి పెట్టిన. అవతల ఖాళీ ఇల్లే గదా...

రేపు మల్లయ్యకు రెండు కడవల నీళ్లు మోసుకపోతా. ఉప్పు కలపకుంటనే. అయినా నమ్మి తాగుతడా...