ఇరవై ఏడో ఆదివారం

26 నవంబరు 1951, సోమవారం

తోర్స్‌హవున్ ఆసుపత్రిలో ఉన్న నా భార్య సున్నివాకు హానుస్ రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఆవు నాకంటే బాగుంది. తుంటి ఎముక అతుక్కుంటోందని రాశావు, సంతోషం. డాక్టరు చెప్పకుండా మంచం దిగావంటే ఊరుకోను.

నువ్వు అడిగినవి చెబుతాను. పొట్టేలు మాంసం గాలి ఆడే కొట్టంలో వేలాడదీశాను, ఈగ వాలలేదు. బంగాళాదుంపలు లోపలికి చేర్చాను. మేజోళ్ళు చిరిగాయి, చిరగనీ. శనివారాలు ప్రసంగం ఎవరు చదివి వినిపిస్తున్నారని రెండుసార్లు అడిగావు. ఎవరూ లేరు. అన్నీ నోటికి వచ్చని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను.

అప్పటికి అది నిజమే. పాదిరిగారి పడవ ఆరు వారాలకోసారి వస్తుంది, మిగతా ఆదివారాలు చర్చిలో ప్రసంగాల పుస్తకం చదివే వంతు నాది. సొంత మాట ఒక్కటి కలపకూడదు. నువ్వు మంచం పట్టిన సెప్టెంబరు నుంచి ఒక్క ముక్క తప్పలేదు. కానీ ఈ ఏడు ఈస్టరు మరీ ముందొచ్చింది కదా, చర్చి ఏడాది చివర్న ఒక ఆదివారం ఎక్కువైంది. త్రిత్వ పండుగ తరవాత ఇరవై ఏడోది. పదకొండేళ్ళ కిందట అది వచ్చినప్పుడు మా నాన్న చదివాడు. ఆ మరుసటేడు ఆయన చోట నేను నిలబడ్డాను. అది నువ్వు నాకు ఎన్నడూ చదివి వినిపించలేదు, అవసరం పడితే కదా.

శనివారమంతా పుస్తకం ముందు కూర్చున్నాను. మన దీవుల మాట ఎలాగో గిలుకుతాను గానీ డేనిష్ పుస్తకంలోని ఆ పాత ముళ్ళ అక్షరాలు నాకు కొరుకుడు పడవు. మీ తమ్ముడు జకారిస్ పక్కింట్లోనే ఉన్నాడు, గడగడా చదువుతాడు. అడగలేదు. వాణ్ణి నేను అడగడమా?

నిన్న నిలబడి పుస్తకం తెరిచాను. క్రిస్మసు రోజుల మొదలని వచ్చే వారం చెప్పాల్సిన ఆగమన ప్రసంగం నోట్లోంచి ఊడిపడింది. నాలుగు మాటలు కాలేదు, జకారిస్ అందుకున్నాడు.

"బావా, ఆగమనం వచ్చే ఆదివారం. అంత తొందరేం?"

అందరూ నవ్వారు. నా చెవులు మండాయి.

ఇక దాచి లాభం లేదు. పుస్తకం మూసి, "ఈ అక్షరాలు నాకు రావు. పదేళ్ళుగా సున్నివా చదివితే విని అప్పజెబుతున్నాను" అనేశాను. ఎవరితోనూ అనొద్దని నీచేత ఒట్టు వేయించుకున్నది నేనే, బయటపెట్టిందీ నేనే. కోపం వస్తే రానీ.

ముందు బల్ల మీది ముసలి బిల్లా ఏమందో విను.

"ఈ మాత్రం ఎవరికి తెలీదురా హానుస్? సున్నివా అల్లుతూ చదువుతుంది, మధ్యలో ఆగి కుట్లు లెక్కపెడుతుంది. నువ్వూ సరిగ్గా అంతసేపే ఆగుతావు. మేమూ లోపల్లోపల లెక్కపెట్టుకుంటాం. వచ్చే వారం మళ్ళీ నువ్వే చెప్పు, ఇవాళ్టికి జకారిస్‌ను చదవనీ."

వాడు మోటారు పడవలా చదివేశాడు.

పదేళ్ళు సున్నివా! అప్పట్నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆవు దగ్గరికి పోతాను, వస్తాను, మళ్ళీ పోతాను. ఆగమన ప్రసంగం నాకు వచ్చు. కానీ నువ్వు ఆగే చోట ఆగితే నవ్వుతారు, ఆగకపోతే దారి తప్పుతాను. మానేద్దామనీ అనుకున్నాను. మానేస్తే పుస్తకం మీ తమ్ముడి చేతికి పోతుంది.

ఆగుతాను. నవ్వుకోనీ. ఆదివారం పదకొండు గంటలకు నువ్వు ఆ మంచం మీదే అల్లిక తీసి కూర్చో. నేను ఆగినప్పుడు అక్కడ ఎవరో ఒకరు నిజంగా లెక్కపెడుతుండాలి.

ఇట్లు,
నీ ఇంటాయన
హానుస్