బావి మీది గూళ్లు, సోమవారం రానున్న జేసీబీ

తేది: 12-09-2025, శుక్రవారం
గుట్టకిందిపల్లె, ఆళ్లగడ్డ దారి, నంద్యాల జిల్లా.

బడి పచ్చదనం పథకం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, నంద్యాల.

గుట్టకిందిపల్లె ప్రాథమిక పాఠశాల ఏకోపాధ్యాయుడు టి. ఫిలిప్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా పాఠశాల ఆవరణలోని తుమ్మచెట్టును, దాని మీది గిజిగాడి గూళ్లను జీవవైవిధ్య ప్రాజెక్టు నిమిత్తం కొట్టివేయకుండా ఆపుట గురించి.

అయ్యా,

పై వాక్యం చదివితే నేనేదో తప్పు రాశానని తమకు అనిపించవచ్చును. నాకూ అనిపించి మళ్లీ చదువుకున్నాను. తప్పు లేదు. జరుగుతున్నది అదే. వివరములు ఈ దిగువ మనవి చేయుచున్నాను.

1. ఈ విద్యా సంవత్సరం ప్రతి ప్రాథమిక పాఠశాల ఒక పర్యావరణ, జీవవైవిధ్య ప్రాజెక్టును పిల్లలతో కలిసి రూపొందించి పంపవలెనని తమ కార్యాలయ ఉత్తర్వు అందినది. 'పిల్లలతో కలిసి' అన్న మాట కింద గీత కూడా గీసియున్నారు. నేను గీత గీసిన మాటలను నమ్మే మనిషిని. ఐదు తరగతుల వాళ్లనూ వరండాలో కూర్చోబెట్టి, మన బడిలో మనం కాక ఇంకా ఎవరెవరు ఉన్నారో చెప్పండి అన్నాను. తొండ అన్నారు, ఉడుత అన్నారు, వంటగది వెనక ముంగిస అన్నారు. మూడో తరగతి హుస్నా లేచి, ఆవరణ మూల పాడుబడిన బావి మీదికి వంగిన తుమ్మచెట్టును చూపించి, "ఆడ గిజిగాళ్లు ఇండ్లు కట్టుకుంటాండాయి సార్. మనకంటే వాళ్లే ఎక్కువ మంది" అన్నది. ప్రాజెక్టు ఆ పూటే ఖరారైనది. బావికి ఇనుప ఊచల మూత బిగించి ఉన్నందున పిల్లలకు ఎట్టి ప్రమాదమూ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

2. ఆ రోజు నుండి పిల్లలు వరండాలోంచి ఆ చెట్టును పరిశీలించుచున్నారు. మగపిట్ట పక్క చేలోంచి పచ్చి వరి ఆకు చీల్చుకొచ్చి సగం గూడు అల్లుతుంది. అప్పుడు ఆడపిట్ట తనిఖీకి వస్తుంది. లోపలికి దూరి, పీకి చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే పోతుంది, మగపిట్ట మరొకటి మొదలుపెడుతుంది. నా సర్వీసులో చాలా తనిఖీలు చూశాను గానీ ఇంత శ్రద్ధగా చేసినవారిని చూడలేదు. తమరు ఇంకా మా బడికి రాలేదు గనుక ఈ మాట తమకు వర్తించదు.

3. మా ఊరి మగపిల్లల జేబుల్లో బలపం లేకపోయినా గులేరు ఉంటుంది. పిట్టలను కొట్టే ఉండేలును మా వైపు గులేరు అంటారు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక, మిఠాయి పంచకముందే, ఒక్కొక్కరూ వచ్చి తమ గులేరును నా టేబులు మీద పెట్టారు. నేను బలవంతం చేయలేదు. గూళ్లలో గుడ్లు ఉన్నాయి, ఆలోచించుకోండి అని మాత్రమే అన్నాను. ఐదో తరగతి బెన్నీ అందరికంటే చివర వచ్చాడు. వాడిది వాళ్ల తాత వేపకొమ్మ చెక్కి చేసిచ్చిన గులేరు. టేబులు మీద పెట్టి, చెయ్యి మాత్రం తీయకుండా, "ఎన్నాళ్లు సార్?" అన్నాడు.

"గూళ్లు ఖాళీ అయ్యేదాకా రా. గూళ్లు ఖాళీ అయిన రోజు ఎవరిది వాళ్లకిచ్చేస్తా. అందాక ఆ చెట్టు జోలికి మీరు పోరు, ఎవరినీ పోనీయను నేను" అన్నాను.

ఉపాధ్యాయుడు నోరు జారకూడదు. నేను జారాను. గులేర్లన్నీ బడి బీరువాలో పెట్టి తాళం వేసినాను.

4. ప్రాజెక్టు ప్రణాళికలో 'చేపట్టవలసిన పనులు' అన్న చోట పిల్లలు చెప్పినట్టే 'ఆ మూల జోలికి పోకుండుట' అని రాసి పంపినాను. దానిపై తమ కార్యాలయం నుండి సంబంధిత గుమాస్తా గారు ఫోను చేసినారు. వారు మంచివారే, వారి బాధ వారిది.

"జోలికి పోకపోవడం కూడా పనేనా సార్? ముందు ఫోటో యాడుంది, తర్వాత ఫోటో యాడుంది?" అన్నారు.

రెండు ఫోటోలూ ఒకేలా ఉంటాయన్నాను.

"ఒకేలా ఉంటే ఎట్ల సార్. ముందు బోడిగా ఉండాల, తర్వాత పచ్చగా ఉండాల. మీది ముందే పచ్చగా ఉండాది. దాన్ని పెట్టుకోని నేనేం చేసుకోవాల?"

తరువాత వచ్చిన ఉత్తర్వు ప్రకారం, సోమవారం ఉదయం జేసీబీతో ఆ మూల చదును చేయించి, బోడి నేలను ఫోటో తీసి, నర్సరీ నుండి వచ్చే మొక్కలు నాటించి, మళ్లీ ఫోటో తీసి పంపవలసి యున్నది. అప్పుడు అది జీవవైవిధ్యం అవుతుందట.

5. ఆ జేసీబీ నడిపేది షోయబ్. హుస్నా తండ్రి. నిన్న సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే మోటారు సైకిలు ఆపినాడు.

"నన్నేం చేయమంటావ్ సార్. బండి ఓనర్‌ది. యాడ తవ్వమంటే ఆడ తవ్వుతా. నేను రానంటే ఇంగొకన్ని పంపిస్తారు. మా పాప నాతో మాట్లాడల్యా రెండ్రోజుల్నుంచి. అన్నం గూడా వాళ్ల జేజి, మా అమ్మ కాడే తింటాంది."

అతనే మళ్లీ, "మా ప్లాటు కాడ బోడిగానే ఉండాది సార్. ఆడ ఫోటో తీసి పంపీరాదా?" అన్నాడు.

అయ్యా, దాచనేల. పంపేవాడినే. ఫోటో మీద స్థలం వివరాలు అచ్చు పడతాయని గుర్తొచ్చి ఆగిపోయినాను. అంతకు మించి నాలో నిజాయితీ ఏమీ లేదని ఒప్పుకొనుచున్నాను.

6. గూళ్లలో ఇప్పుడు పిల్లలున్నాయి. తల్లి పురుగు తెచ్చినప్పుడు గూడు గూడంతా అరుస్తుంది. ఒకటో తరగతి వాళ్లు ఆ అరుపు వినగానే పలకలు కింద పెట్టి చూస్తారు, నేనేమీ అనను. జేసీబీ సంగతి వాళ్లకు నేను చెప్పలేదు. ఊళ్లో ఏదీ దాగదు. ఈ ఉదయం ప్రార్థన అయ్యాక ఎవరూ తరగతి గదిలోకి పోలేదు.

"పిట్టను కొడితే పాపమంటిరి గదా సార్. మల్ల చెట్టంతా కొడితే ఏందీ?" అని హుస్నా అడిగింది.

నాకు ముప్పై ఏళ్ల సర్వీసు దగ్గర పడింది. లెక్క తప్పితే దిద్దాను, ఒత్తు తప్పితే దిద్దాను. ఈ పిల్లతో మాత్రం పై నుంచి ఉత్తర్వు అన్నాను. పై నుంచి అంటే దేవుడా సార్ అని ఎవరో అడిగారు. కాదన్నాను. సిగ్గేసింది.

బెన్నీ బీరువా దగ్గరికి పోయి నిలబడ్డాడు. గూళ్లు ఖాళీ అయిన రోజు ఇస్తానన్నానే, ఆ రోజు సోమవారమని వాడికి అర్థమైంది. వాడిని చూశాకనే నాకూ అర్థమైంది.

7. కావున తమరు దయయుంచి, దసరా సెలవులు ముగిసే వరకు సదరు పనిని నిలుపుదల చేయవలసినదిగా ప్రార్థన. అప్పటికి పిట్టపిల్లలు ఎగిరిపోతాయి. ఆ తరువాత కూడా చెట్టు కొట్టవద్దనే అంటాను, అది వేరే అర్జీలో అంటాను. పథకం నుండి మా బడి పేరు తీసివేసినా సమ్మతమే. నాపై చర్య తీసుకొనదలచినచో అదియు సమ్మతమే, సంజాయిషీ ఈ అర్జీలోనే ఉన్నది గనుక వేరే అడగనక్కరలేదు. ఉత్తర్వు ఆపడానికి ఒక్క ఫోను చాలు. షోయబ్ కూడా ఆ ఫోను కోసమే ఎదురు చూస్తున్నాడు.

మొక్కలు వద్దని మేము అనుట లేదు. గేటు వైపు నేల బోడిగానే ఉన్నది. గుంతలు మేమే తవ్వుకొంటాము. ముందు ఫోటో కూడా బోడిగానే వస్తుంది.

ఈ అర్జీని ఈ సాయంత్రం బస్సులోనే పంపుచున్నాను, సోమవారం లోపల చిత్తగించవలెను. ఆ తరువాత చిత్తగించినా చేయగలిగినది ఉండదు.

తమ విధేయుడు,
టి. ఫిలిప్

జతపరచినవి: ప్రాజెక్టు ప్రణాళిక నకలు, ఆళ్లగడ్డ స్టూడియోలో కడిగించిన గూళ్ల ఫోటో, చిన్న కాగితపు పొట్లం.

మళ్లీ రాస్తున్నది: పొట్లంలో ఉన్నది బడి బీరువా తాళంచెవి. పోగొట్టవద్దు, దీనికి రెండోది లేదు. పని ఆపితే టపాలో తిరిగి పంపించండి. ఆపలేకపోతే సోమవారం తమరే తీసుకొని రండి సార్. ప్రార్థన అయ్యాక పిల్లలు వరండాలో వరుసగా నిలబడి ఉంటారు. బీరువా తెరిచి ఎవరి గులేరు వాళ్ల చేతిలో పెట్టండి. నాకు చేతకాదు. ఏది ఎవరిదో హుస్నాకు తెలుసు, చెబుతుంది.