ఫోనుకు కాపలా

హెడ్డాఫీసు మేనకోడలికి, బ్యాంకు గుమ్మం దగ్గరి స్టూలు మీంచి మామయ్య దీవెనలు.

గార్డులను తీసేస్తారని క్యాషియరు నా చెవిన వేశాడు. నిజమేనా? నేను కాపలా ఉన్న బ్యాంకులోకి దొంగ అనేవాడు తొంగి కూడా చూళ్ళేదు. ఈ ఉద్యోగం ఊడితే వీధిలో తలెత్తుకుని ఎలా తిరగను? కాస్త కనుక్కో.

తుపాకీ భుజాన,
నీ మామయ్య

తా.క. దొంగలు నా మీసాలకు జడిశారంటే మీ అత్తయ్య ఒప్పుకోదు. ఆ బ్యాంకులో డబ్బే లేదేమో అంటోంది.

*

మామయ్యకు, మీ భుజాలెక్కి పెరిగిన పిల్ల నమస్కారాలు.

నిజమే. ఇప్పటి దొంగలు గుమ్మంలోంచి రారు. ఫోన్లో తేనె పూసినట్టు మాట్లాడి, ఖాతాదారుడి నోటితోనే రహస్య నంబరు చెప్పించుకుని ఖాతా ఊడ్చేస్తారు. వాళ్ళ ముందు తుపాకీ ఏం చేస్తుంది? గుమ్మం కన్నా ఫోనుకే కాపలా కావాలని పైవాళ్ళకు రాసింది నేనే. కోప్పడకండి.

మీ మేనకోడలు

తా.క. డబ్బు ఉందని అత్తయ్యకు చెప్పండి.

*

తెలివైన మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఆ ముక్క ముందే చెప్పొద్దూ. స్టూలు పట్టుకెళ్ళి మేనేజరు గారి ఫోను పక్కన వేసుకున్నాను. ఎవరు చేసినా నేనే ఎత్తుతున్నాను. నిన్న ఒకడు దొరికాడు. ఎంత మర్యాదో. హెడ్డాఫీసుకల్లా పెద్దట, నా ఉద్యోగం నంబరు కావాలట. “అడిగినవాడికల్లా నంబరు చెప్పేస్తే ఇల్లు గుల్లవుతుంది, బుద్ధుందా?” అని దులిపేశాను.

ఫోను పక్కనుంచి,
నీ మామయ్య

తా.క. కాసేపటికి ఆడగొంతుతో ఇంకొకత్తి. “మామయ్యా” అంటూ వరస కూడా కలిపింది. పెద్ద ముఠాయే. ఇంకా గట్టిగా దులిపాను.

*

మామయ్యకు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రాస్తున్నాను.

ఆయన నిజంగానే మా పెద్దసారు. గార్డులను తీసేసే మీటింగులో, మీ పింఛను కాగితాల కోసం స్పీకరు పెట్టి మరీ చేశారు. ఆ దులుపుడు అందరం విన్నాం. “ఎవరీయన?” అన్నారు. “మా మామయ్యండీ” అన్నాను. ఎందుకో గర్వంగానే అన్నాను. ఆయన నవ్వలేదు. మీ పేర ఆర్డరు వస్తోంది. గుండె దిటవు చేసుకోండి.

మీ మేనకోడలు

తా.క. ఆ ఆడగొంతు నాది.

*

నా బంగారు మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఆర్డరు రాగానే విప్పకుండా మేనేజరు గారి చేతిలో పెట్టాను. ఆయనే చదివారు. నా ఉద్యోగం పోలేదమ్మా. ఇకమీదట ఏ ఊళ్ళో ఎవరు మన బ్యాంకుకు ఫోన్ చేసినా ముందు నా గొంతే వినిపిస్తుందట. మీ సారుకు పెట్టిన చీవాట్లే, రికార్డు చేసి ఉంచారట. ఇన్నాళ్ళూ ఒక్క బ్యాంకును కాశాను, ఇప్పుడు అన్నీ నావే. వీధి వీధంతా చెప్పొచ్చాను.

మీసం మెలేస్తూ,
నీ మామయ్య

తా.క. మీ అత్తయ్య రోజూ బ్యాంకుకు ఫోన్ చేస్తోంది. నా గొంతు ఇంట్లో విన్నది చాలదా అంటే, “అక్కడైతే మధ్యలో పెట్టెయ్యొచ్చు” అంటోంది.